విడుపులోని మెలకువ

అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన కొండ ఇంద్రకీలాద్రి అని విజయవాడ స్థలపురాణం చెబుతుంది. ఆ నగరంలోనే 1996లో వెన్నం జ్యోతి సురేఖ జన్మించింది. ఐదేళ్ళు నిండకముందే కృష్ణానదిని ఈదిన ఆ బాలిక, తరువాత విల్లు చేపట్టింది. ఆమెకు పేరు తెచ్చినది కాంపౌండ్ విల్లు.

దీనిని అమెరికాకు చెందిన హోలెస్ ఆలెన్ రూపొందించి 1969లో పేటెంటు పొందాడు. సంప్రదాయమైన వింటిలో నారిని లాగినకొద్దీ భారం పెరుగుతుంది. కాంపౌండ్ వింటి కొనలకు కప్పీల వంటి చక్రాలుంటాయి. నారి పూర్తిగా వెనుకకు వచ్చేసరికి ఆ చక్రాలు తిరిగి భారాన్ని తగ్గిస్తాయి. 50 పౌన్ల బలంతో లాగిన నారిని 10, 15 పౌన్ల బలంతోనే నిలిపి ఉంచవచ్చు. నారిని పట్టేది వేళ్ళు కాదు. గుప్పిటలో ఇమిడే ‘రిలీజ్’ అనే చిన్న పనిముట్టు. గురి చూడడానికి భూతద్దం కూడా ఉంటుంది.

ఇన్ని సౌకర్యాలున్నా ఈ విద్య సులభమని భావించరాదు. భారం తగ్గడం వల్ల తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో మనస్సు తొందరపడుతుంది. గురి కుదిరిన క్షణంలో ‘ఇప్పుడే’ అనుకొని మీట నొక్కితే చేయి అదురుతుంది, బాణం పక్కకు పోతుంది. క్రమంగా గురి కేంద్రాన్ని సమీపించగానే బెదిరే అలవాటు పాతుకుపోతుంది.

అందుకు విరుగుడుగా శిక్షకులు ఒక వింత పద్ధతి నేర్పుతారు. బాణాన్ని విడువరాదు, అది తనంత తానే విడివడాలి. విలుకాడు చూపును గురిపై నిలిపి, వీపు కండరాలను నెమ్మదిగా బిగిస్తూ పోతాడు. ఆ బిగింపుకు రిలీజ్ జారుతుంది. ఏ క్షణాన జారుతుందో అతనికే తెలియదు. తెలియదు గనుకనే చేయి అదరదు. ఇది అలవడడానికి గురి లేని దిమ్మె ఎదుట కొద్ది అడుగుల దూరంలో నిలిచి, కన్నులు మూసుకొని బాణాలు వేయాలి. బాణం ఎక్కడ తగిలిందన్నది కాదు, ఎలా విడివడిందన్నదే గమనించాలి. మార్కులు లెక్కించుకోవడానికి అలవాటు పడినవారికి ఇది మొదట వెనుకడుగుగానే తోస్తుంది.

కాంపౌండ్ వింటికి చాలాకాలం ఒలింపిక్స్‌లో చోటు లేదు. అయినా సురేఖ ఆ విల్లునే నమ్ముకొన్నది. ఆసియా క్రీడల జట్టు పోటీలలో 2014లో కాంస్యం, 2018లో రజతం పొందింది. 2023లో హాంగ్‌ఝౌలో మూడు స్వర్ణాలు సాధించింది. అక్కడ వ్యక్తిగత ఫైనల్‌లో 50 మీటర్ల దూరం నుండి వేసిన 15 బాణాలకు 150కి 149 పాయింట్లు వచ్చాయి. అంటే 14 బాణాలు 8 సెంటీమీటర్ల వెడల్పు గల నడిమి వలయాన్ని తాకాయన్నమాట. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చాలని 2025లో నిర్ణయించారు.

బాణం వదలడాన్ని సంస్కృతంలో శరమోక్షణం అంటారు. బాణాన్ని సంధించడానికి, నారిని లాగడానికి పట్టుదల చాలు. మోక్షణానికి మాత్రం ఫలితాన్ని తొందరపెట్టకుండా ఉండడం కూడా నేర్చుకోవాలి.