స్థూలారుంధతీ న్యాయము - పల్నాటి ఆకాశము

వేదాంత పాఠములు చెప్పువారికి స్థూలారుంధతీ న్యాయము కొత్తది కాదు. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు మొదట దాని చెంతనున్న పెద్ద చుక్కనే అరుంధతియని చూపి, దృష్టి అచట నిలిచిన పిమ్మట దానిని కాదని అసలు తారను చూపును. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యమున (1-1-8) ఈ దృష్టాంతమును గ్రహించిరి. అయితే దీనిని ఏటేటా బోధించువారిలో అరుంధతిని కన్నులార చూచినవారెందరు? పట్టపగలు పురోహితుడు పందిరి వెలుపల వేలు పైకెత్తుటయు, దంపతులు తల యూపుటయు నేడు పరిపాటి. ఆపస్తంబ గృహ్యసూత్రమో, నక్షత్రోదయమైన తరువాతనే వెలికి వచ్చి ధ్రువారుంధతులను చూడవలెనని విధించినది.

నరసరావుపేట, గురజాల, మాచర్లలు సుమారు 16 - 16½ భాగల ఉత్తర అక్షాంశమున ఉన్నవి. కావున ఇచట ధ్రువతార క్షితిజమునకు 16 భాగల ఎత్తుననే యుండును. చేయి చాచి పట్టిన పిడికిలి సుమారు పది భాగలు, అనగా పిడికిలిన్నర. ఉత్తరమున చెట్టో మేడయో ఉన్నచో ధ్రువుడు కానరాడు. సప్తర్షులు ఈ ప్రాంతమున అస్తమయము లేనివారు కారు. మార్గశిరమున అరుంధతి అర్ధరాత్రి దాటినగాని ఉదయింపదు. మాఘమున రాత్రి 8 గంటల వేళ ఈశాన్యమున పొడసూపి, పది గంటలకు చక్కగా పైకి వచ్చును. వైశాఖమున ప్రొద్దు గ్రుంకునప్పటికే పైనుండి, రాత్రి 10 గంటల ప్రాంతమున ఉత్తరమున 51 భాగల ఎత్తు చేరును. వైశాఖపు పెండ్లి వారికి పంచాంగమును ఆకాశమును రెండును అనుకూలించుననుట.

చూచు విధానము న్యాయమున చెప్పినదే. సప్తర్షి మండలపు తోకలో మూడు చుక్కలు గలవు: మరీచి, వసిష్ఠుడు, అంగిరసుడు. నడుమనున్న వసిష్ఠుని పట్టుకొనవలెను. ఆయనకు 12 కళల దూరమున, అనగా చంద్రబింబపు వెడల్పులో మూడవ వంతుకు కొంచెము మించిన యెడమున, మినుకుమనునది అరుంధతి. పెండ్లి దీపముల నడుమనుండి వచ్చిన కంటికి అది వెంటనే చిక్కదు. చీకటిలో ఇరువది నిముషములైనను నిలువవలెను. అప్పటికిని చిక్కనిచో సూటిగా చూడక కొంచెము ప్రక్కకు చూచిన కనబడును. మసక వెలుగును గ్రహించు శక్తి కంటి నడిమి భాగమునకంటె అంచులకు ఎక్కువ. న్యాయశాస్త్రకారులు ఈ మెలకువ చెప్పలేదు, అనుభవము చెప్పును.

ఇక దూరదర్శిని. అరవై మిల్లీమీటర్ల కటకము గల చిన్న యంత్రమున నలువది, ఏబది రెట్లు పెంచి చూచినచో వసిష్ఠుడే ఇరువురగును. వారి నడుమ దూరము 14 వికళలు మాత్రమే. కంటికిగాని మామూలు బైనాక్యులర్‌కుగాని అందదు. గెలీలియో శిష్యుడైన కాస్తెల్లి 1617లోనే దీనిని గుర్తించెను. 1889లో హార్వర్డునందు వర్ణపట పరీక్షవలన వారిలో పెద్దవాడు మరల జంటయని తేలినది. పిమ్మట రెండవవాడును అట్టివాడే యయ్యెను. 2009లో అరుంధతికిని ఒక తోడుచుక్క బయటపడినది. వెరసి ఆరు. స్థూలమని త్రోసివేసిన చుక్కలోనే ఇంత సూక్ష్మము దాగియున్నది!

కృత్తికల విషయమును ఇట్టిదే. పల్లెలలో దీనిని పిల్లలకోడి యందురు. స్కందుని తల్లులుగా కృత్తికలు ఆరుగురు. తైత్తిరీయ శాఖలో అంబ మొదలు చుపుణీక వరకు ఏడు పేర్లు గలవు. ఆరా, ఏడా యను వివాదము చీకటిరాత్రి మేడపై కూర్చున్నవారికి వింతగా తోపదు. కంటిని బట్టి లెక్క మారును. బైనాక్యులర్‌తో పదుల కొలది చుక్కలు కనబడును.

ఇట్టి పరిశీలనకు ప్రభుత్వ వేధశాల అక్కరలేదు. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున విశాఖపట్టణమున తన సొంత వ్యయముతో వేధశాల నెలకొల్పుకొనెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి 1874లో శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించెను. పల్నాట నాపరాళ్ళు పరచిన డాబా, వైశాఖపు అమావాస్య దాపున ఒక రాత్రి చాలును. తొమ్మిది గంటలకు మేడ దీపములార్పి, విద్యార్థులను ఉత్తరాభిముఖముగా కూర్చుండబెట్టి, మొదట వసిష్ఠుని చూపి, దానినే అరుంధతి యని చెప్పవలెను.