గీజర్‌కి స్మార్ట్ ప్లగ్ కొంటున్నారా? ముందు గోడలో వైర్ సంగతి చూడండి

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో తెల్లవారుజాము షిఫ్ట్ చేసే ఫ్రెండ్స్ నన్ను అడిగేది ఒకటే: మూడున్నరకల్లా వేడినీళ్లు రెడీగా ఉండాలి, ఏ స్మార్ట్ ప్లగ్ కొనాలి? నేనైతే ముందు గీజర్ మీద వాట్స్ ఎంతో చూడమంటా.

2000 వాట్స్‌ని 230 వోల్ట్స్‌తో భాగిస్తే దాదాపు 8.7 ఆంప్స్. అదే 3000 వాట్స్ ఇన్‌స్టంట్ గీజర్ అయితే 13. పది ఆంప్స్ ప్లగ్ దీనికి వేడెక్కి కరిగిపోవచ్చు, కాబట్టి 16 ఆంప్స్‌దే తీసుకోండి.

అసలు తిరకాసు సాకెట్ వెనక ఉంటుంది. పెద్ద సాకెట్ కనిపిస్తుంది, లోపల లైట్లకి వాడే సన్న వైరే ఉండొచ్చు! గీజర్‌కి విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్ (నా ఓటు 4కే), దానికో ఎంసీబీ, సరైన ఎర్త్ కావాలి. ఎంసీబీ కాపాడేది వైర్‌ని, మనిషిని కాదు. ఎలిమెంట్ పాడై కరెంట్ లీకైతే సప్లై కట్ చేసేది 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఇక షెడ్యూల్. 15 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకి చేరడానికి సుమారు 0.7 యూనిట్ పడుతుంది, అంటే 2000 వాట్స్‌తో 21 నిమిషాలు. 3:00కి ఆన్, 3:30కి ఆఫ్ చాలు. వైఫై పోయినా ఆ ఆఫ్ టైమర్ పనిచేసే ప్లగ్ అయితేనే కొనండి.