సున్తీకి ముందు ఒక్క పరీక్ష

నేనుండే బహ్రెయిన్‌లో మగపిల్లలకు పసితనంలోనే సున్తీ చేయించడం మామూలే. మనామాలోని తెలుగు ముస్లిం మిత్రులకు నేను చెప్పేది ఒకటే: ముందుగా మూత్రద్వారం ఎక్కడుందో డాక్టరు చేత పరీక్ష చేయించండి. అది కొసన కాక కింది వైపు ఉంటే హైపోస్పేడియాస్ అంటారు. సుమారు 200-300 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. తండ్రికో, అన్నకో ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ.

సాధారణంగా 6-18 నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు. 1994లో వారెన్ స్నాడ్‌గ్రాస్ ప్రచురించిన పద్ధతిలో, మూత్రనాళం ఉండాల్సిన చోటి పట్టీని నిలువుగా గాటుపెట్టి, గొట్టంలా చుట్టి కుడతారు. దానిపై కప్పే పొరను చాలావరకు ముందరి చర్మం నుంచే తీస్తారు. మన భాషలో అది బ్యాకప్. అవసరం తీరకముందే డిలీట్ చేయకూడదు.

ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉంటే సిగ్గుపడి దాచకండి. బిడ్డ పుట్టగానే డాక్టరుకు చెప్పండి.