చేపకు చేపే మేతా?

పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మనవారు మత్స్యన్యాయమన్నారు. దండించే రాజు లేకపోతే లోకం అలా అవుతుందని కౌటిల్యుడు హెచ్చరించాడు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి తెలిసింది అంతవరకే. చెరువులలో చేపలు పెంచేవారు ఆ న్యాయాన్ని మిల్లులో ఆడించి బస్తాలకెత్తుతున్నారని తరువాత గదా తెలిసింది!

మా మణుగూరులో వాలుగ, జెల్ల అంటే గోదావరి చేపలు. పంగాసియస్ అన్నది మాత్రం చెరువు చేప. మూడింటికీ మీసాలున్నాయి. మెకాంగ్ నది పంగాసియస్‌కు పుట్టిల్లు. 1990ల నడుమ మన దేశానికి వచ్చి, కోస్తా చెరువులలో ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడింది. పెట్టింది తింటుంది. ఆ పెట్టడంలోనే ఉంది చిక్కంతా. పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది.

మేతలో ఖరీదైనవి మాంసకృత్తులు. సముద్రపు చిన్న చేపలను ఉడికించి, ఎండబెట్టి, పొడి చేస్తే అందులో నూటికి 60 నుంచి 70 పాళ్ళు అవే. ఈ పొడికి పెరూ దేశం పేరుమోసింది. 1970లో అక్కడ కోటి టన్నులకు పైగా చేప పట్టారు. మితిమీరిన వేటకు 1972లో ఎల్‌నినో వేడినీరు తోడై, మరుసటేటికి ఆ సిరి కరిగిపోయింది. అందరూ సోయా కోసం ఎగబడ్డారు. 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులనే కొన్నాళ్ళు ఆపివేసింది.

సోయా చెక్కలో మాంసకృత్తులు నూటికి 45 పాళ్ళ దాకా ఉంటాయి. అయితే గింజను వేడి చేయనిదే చేపకు అరగదు. వేరుశనగ చెక్క మంచిదే గాని, బూజు పడితే విషం. పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అనే దోషం ఉంది. పట్టు తీసిన తరువాత మిగిలే పురుగులూ పనికివస్తాయి. ఏ ఒక్కటీ చేపల పొడికి సాటి రాదు. ఒకదాని లోటు మరొకటి తీర్చాలి. అన్నంలో పప్పు కలుపుకోవడం మన ఇల్లాళ్ళకు ఒకరు నేర్పాలా?

చెక్క అన్నదల్లా మేత కాదు సుమా! మా అడవిలో కోయవారు ఇప్పగింజలు ఏరి నూనె తీస్తారు. ఆ ఇప్పచెక్క చేపలకు ప్రాణాంతకం. పిల్లలను వదిలేముందు చెరువులోని పనికిరాని చేపలను చంపడానికి హెక్టారుకు 2,500 కిలోల చొప్పున చల్లుతారు. రెండు మూడు వారాలకు విషం విరిగి, అదే ఎరువవుతుంది.

చౌక మేతకు ఒక దొంగదారి కూడా లేకపోలేదు. 2000లో మన ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికా మార్పును చాటుమాటుగా పెంచేవారు కోళ్ళ పేగులూ తోళ్ళూ చెరువులో గుమ్మరిస్తారు. అవి కుళ్ళి నీరు పాడవుతుంది. ఆ ఊరివారు తాగే బావులు ఆ పక్కనే ఉంటాయి గదా!

చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూడడం మనకు అలవాటే. అది ఏం తిని పెరిగిందో కూడా ఒక మాట అడుగుదాం. అడిగేవారుంటేనే అమ్మేవారికి భయం.