ఆటగాడి ఆశ, తయారీదారు లెక్క: వీడియో గేము ధర వెనుక ఏముంది?

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో వ్యాపార్ విహార్ వర్తకానికి పేరున్న ప్రాంతం. రైల్వే ఉద్యోగాల కారణంగా తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ పేరు సుపరిచితమే. అటువంటి బజారులో బేరం అందరికీ అర్థమయ్యేది. బస్తా బియ్యం కొనేవారు గింజను చేతిలోకి తీసుకుని చూస్తారు, తూకం సరిచూసుకుంటారు, నచ్చకపోతే పక్క కొట్టుకు వెళతారు. వర్తకుడికి సరుకు ఎంతకు పడిందో, లాభం ఎంతో ఇద్దరికీ ఇంచుమించుగా తెలుసు.

అదే ఇంటి కుర్రవాడు ఫోనులోనో కంప్యూటరులోనో వీడియో గేము కొన్నప్పుడు ఈ లెక్కలేవీ కనిపించవు. ఒకసారి తయారైన గేముకు రెండో ప్రతి తీయడానికి దాదాపు ఖర్చే ఉండదు. అటువంటప్పుడు రూ.500 ఎందుకు, రూ.5,000 ఎందుకు అన్నది ఆటగాడి ప్రశ్న. చెప్పిన తేదీకి ఎందుకు రాదు, వచ్చాక లోపాలెందుకు, డబ్బు చెల్లించిన గేము కొన్నేళ్లకు ఎందుకు మూతపడుతుంది అన్నవి ఆ వెంట వచ్చే ప్రశ్నలు. వీటికి సమాధానం గేములు తయారయ్యే తీరులోనూ, అమ్ముడయ్యే తీరులోనూ ఉంది.

రూ.500లో తయారీదారుకు మిగిలేదెంత?

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఎనిమిది మంది కలిసి ఒక గేము తయారు చేస్తున్నారనుకుందాం. సగటు జీతం నెలకు రూ.60 వేలు. పని పూర్తికావడానికి మూడేళ్లు పట్టింది. జీతాలకే రూ.1.73 కోట్లు ఖర్చవుతుంది. అద్దె, కంప్యూటర్లు, సంగీతం, ప్రచారం ఇందులో చేరలేదు.

ఆ గేము ధర 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.500 అనుకుంటే, పన్ను పోగా మిగిలేది రూ.424. కంప్యూటరు గేములకు ప్రపంచంలోనే పెద్ద అంగడి అయిన స్టీమ్ అందులో 30 శాతం తీసుకుంటుంది. తయారీదారు చేతికి వచ్చేది సుమారు రూ.297. జీతాల ఖర్చు రాబట్టుకోవడానికే 58 వేలకు పైగా ప్రతులు అమ్ముడుపోవాలి. పండుగ రాయితీల్లో సగం ధరకు అమ్మితే ఆ సంఖ్య లక్షా 16 వేలు దాటుతుంది.

స్టీమ్ వాటా అమ్మకాలు కోటి డాలర్లు దాటిన తరువాత 25 శాతానికి, 5 కోట్ల డాలర్లు దాటిన తరువాత 20 శాతానికి తగ్గుతుంది. అంటే ఈ తగ్గింపు ప్రయోజనం పెద్ద సంస్థలకే అందుతుంది. ఫోను గేముల విషయంలో ఆపిల్, గూగుల్ 2021లో చిన్న తయారీదారులకు తమ వాటాను 15 శాతానికి తగ్గించాయి.

పోటీ కూడా తక్కువేమీ కాదు. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా కొత్త గేములు విడుదలయ్యాయి. రోజుకు సగటున యాభై అన్నమాట. మంచి గేము తయారు చేయడం ఒక ఎత్తయితే, అది ఉన్నదన్న సంగతి కొనేవారికి తెలియజేయడం మరొక ఎత్తు.

పెద్ద గేముల లెక్క వేరు

అగ్రశ్రేణి గేముల ఖర్చులను సంస్థలు సాధారణంగా బయటపెట్టవు. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్‌పై అమెరికాలో జరిగిన విచారణ సందర్భంగా సోనీ సమర్పించిన పత్రాల్లో, నల్ల సిరాతో కొట్టివేసిన అంకెలు స్కానింగులో కనిపించడంతో కొన్ని వివరాలు వెల్లడయ్యాయి. వాటి ప్రకారం 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్' తయారీకి 21.2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. రెండో గేముకు 300 మంది ఉద్యోగులు ఐదేళ్లపాటు శ్రమించారు.

ఖర్చు ఇంతగా పెరిగినా, అమెరికాలో పెద్ద గేముల ధర సుమారు పదిహేనేళ్లపాటు 60 డాలర్ల వద్దే నిలిచింది. 2020లో 70 డాలర్లకు చేరింది. భారత్‌లో సోనీ సొంత గేముల ధర రూ.4,999 వరకు ఉంటోంది. ఇక్కడి సగటు ఆదాయంతో పోలిస్తే ఇది భారమే. నెల జీతంలో గణనీయమైన భాగాన్ని ఒక్క గేముపై వెచ్చించిన వ్యక్తి అందులో లోపాలను సహించకపోవడం సహజం. ఇక్కడే ఆటగాడి ఆశకూ తయారీదారు లెక్కకూ మధ్య ఘర్షణ మొదలవుతుంది.

తొందరపడితే ఏమవుతుంది?

ఇందుకు పోలెండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ తయారు చేసిన 'సైబర్‌పంక్ 2077' తార్కాణం. 2012లో ప్రకటించిన ఈ గేము విడుదల 2020లోనే మూడుసార్లు వాయిదా పడింది. వాయిదా పడిన ప్రతిసారీ ఆటగాళ్లలో అసహనం పెరిగింది. చివరకు ఆ ఏడాది డిసెంబరు 10న విడుదల చేయగా, పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాల్లో గేము సరిగా నడవలేదు. వారం తిరిగేసరికి సోనీ దానిని తన దుకాణం నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది. 2021 జూన్‌లో గానీ గేము తిరిగి అమ్మకానికి రాలేదు. సంస్థ ఆ తరువాత రెండేళ్లకు పైగా మరమ్మతులు చేస్తూ వచ్చింది. 2023 సెప్టెంబరులో వచ్చిన పెద్ద మార్పులతో గేము మళ్లీ ఆదరణ పొందింది.

అయితే ఈ రెండో అవకాశం అందరికీ దక్కదు. సోనీకే చెందిన 'కాంకర్డ్' గేము 2024 ఆగస్టు 23న విడుదలైంది. ఆడేవారు కరవవడంతో రెండు వారాలకే, సెప్టెంబరు 6న నిలిపివేసి అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేశారు. అక్టోబరులో దానిని తయారు చేసిన ఫైర్‌వాక్ స్టూడియోనే మూసివేశారు. అదే ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. అమ్మకాల లెక్క తప్పినప్పుడు ముందుగా నష్టపోయేది ఉద్యోగులేనని ఈ పరిణామాలు తెలుపుతున్నాయి.

దేశీయ అనుభవం: ఫౌజీ, రాజీ, అసుర

భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. రెండు రోజులకే బెంగళూరు సంస్థ ఎన్‌కోర్ గేమ్స్ తరఫున 'ఫౌజీ' గేమును నటుడు అక్షయ్ కుమార్ ప్రకటించారు. అది పబ్‌జీకి దేశీయ ప్రత్యామ్నాయమన్న భావన విస్తృతంగా వ్యాపించింది. ముందస్తు నమోదు ప్రారంభమైన 24 గంటల్లోనే పది లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. 2021 జనవరి 26న విడుదలైన గేములో మాత్రం గల్వాన్ లోయ నేపథ్యంలో ఒంటరిగా ఆడే కథాభాగమే ఉంది. పలువురు కలిసి తలపడే ఆట అందులో లేదు. దాంతో గూగుల్ ప్లేలో రేటింగు వేగంగా పడిపోయింది.

పబ్‌జీ వంటి గేము వెనుక ఏళ్ల తరబడి సాగిన కృషి, పెద్ద సంఖ్యలో సర్వర్లు, భారీ పెట్టుబడి ఉన్నాయి. కొద్ది నెలల్లో ఒక చిన్న సంస్థ దానికి సాటిరాగలదని ఆశించడం సాధ్యాసాధ్యాలకు మించినది. ఆ ఆశను సరిదిద్దకుండా ప్రచారానికి వాడుకుంటే ఫలితం ఎలా ఉంటుందో ఈ ఉదంతం చూపింది.

పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ మరో మార్గంలో నడిచింది. పురాణాల స్ఫూర్తితో రూపొందించిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' కోసం ఆ సంస్థ 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా విరాళాలు కోరగా, లక్షిత మొత్తం సమకూరలేదు. ఇతర మార్గాల్లో నిధులు కూర్చుకుని 2020 ఆగస్టులో గేమును విడుదల చేసింది. దృశ్యాలు, సంగీతం ప్రశంసలు అందుకున్నాయి. నిడివి తక్కువన్న విమర్శ కూడా వచ్చింది. చిన్న బృందం పరిమిత ధనంతో పని చేసినప్పుడు నిడివి, నాణ్యతల్లో ఏదో ఒకదానికి ప్రాధాన్యం ఇవ్వక తప్పదు.

హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017 మార్చిలో 'అసుర' గేమును స్టీమ్‌లో విడుదల చేసింది. భారతీయ పురాణ ఛాయలున్న ఈ పోరాట గేము, తెలుగు నేలపై చిన్న బృందం సొంత ఆలోచనతో ప్రపంచ విపణికి వెళ్లగలదని నిరూపించింది. నగరంలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశీ సంస్థల కేంద్రాలు ఉన్నాయి. యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఊతమిచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2016లో 'ఇమేజ్' విధానాన్ని ప్రకటించింది. అయినప్పటికీ భారతీయ గేమింగ్ పరిశ్రమలో పెద్ద భాగం విదేశీ గేములకు బొమ్మలు గీయడం, పరీక్షించడం వంటి ఒప్పందపు పనిదే. ఆ పనిలో జీతం ఖాయం. సొంత గేములో ఆదాయం విడుదల తరువాతే తెలుస్తుంది.

గేములు తెలుగులో ఎందుకు రావు?

తెలుగు ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అనువాదం, గళదానం ఖర్చుతో కూడినవి. వాటితోపాటు సాంకేతిక ఇబ్బంది ఒకటి ఉంది. ఆంగ్లంలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి కొత్త రూపాలు ఏర్పడతాయి. 'స్త్రీ' అన్న మాటలో మూడు హల్లులు, ఒక గుణింతం కలిసి ఒకే అక్షరంగా కనిపించాలి. గేముల తయారీలో విరివిగా వాడే యూనిటీ వంటి సాధనాల్లోని సాధారణ అక్షర వ్యవస్థలు ఈ కూర్పును దీర్ఘకాలం సరిగా చేయలేకపోయాయి. అదనపు ఉపకరణాలు వాడాలి, ప్రతి తెరనూ విడిగా సరిచూడాలి. తెలుగు వెర్షన్‌ను డబ్బు పెట్టి కొనేవారు ఎందరన్న భరోసా లేకపోవడంతో సంస్థలు ఆ ఖర్చుకు వెనుకాడుతున్నాయి. తెలుగులో రాదు కనుక కొనరు, కొనరు కనుక రాదు అన్న చిక్కుముడి కొనసాగుతోంది.

'ఉచితం' అంటే ఏమిటి?

బిలాస్‌పూర్ వంటి పట్టణాల్లో గేము అంటే ఎక్కువగా ఫోను గేమే. వాటిలో అత్యధికం ఉచితంగా దొరికేవి. వాటిని ఆడే వారిలో చాలామంది ఎన్నడూ పైసా చెల్లించరు. కొద్దిమంది కొనే దుస్తులు, ఆయుధాల అలంకారాలు, ప్రకటనల ఆదాయంతోనే గేము నడుస్తుంది. అందువల్ల ఆటగాడు మళ్లీ మళ్లీ వచ్చేలా, వచ్చినవాడు ఏదో ఒకటి కొనేలా గేమును మలచాల్సిన ఒత్తిడి తయారీదారుపై ఉంటుంది. రోజువారీ బహుమతులు, గడువుతో కూడిన ఆఫర్లు ఇందులో భాగమే. పిల్లల చేతికి ఫోను ఇచ్చే తల్లిదండ్రులు కొనుగోళ్లకు పాస్‌వర్డ్ తప్పనిసరి చేసుకోవడం మేలు.

డబ్బు పందెంగా పెట్టి ఆడే గేములు వేరు. పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. ఇది పందెపు గేములను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, సాధారణ వినోద గేములను విడిగా గుర్తించింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఇన్నాళ్లూ సాధారణ గేముల తయారీదారులు కూడా అపప్రథ మోశారు.

కొన్నది సొంతమేనా?

బజారులో కొన్న వస్తువు కొన్నవారిదే. గేము విషయంలో అది పూర్తి నిజం కాదు. చాలా సందర్భాల్లో ఆటగాడికి దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే. 2014లో వచ్చిన 'ది క్రూ' కారు పందేల గేము సర్వర్లను ఫ్రాన్స్ సంస్థ యూబిసాఫ్ట్ 2024 మార్చి 31న నిలిపివేసింది. డబ్బు పెట్టి కొన్నవారు కూడా దానిని ఆడలేకపోయారు. దీనిపై 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' పేరుతో ఉద్యమం మొదలైంది. ఐరోపా సమాఖ్యలో వారి వినతిపై సంతకాలు 2025 జులైలో పది లక్షలు దాటాయి. డిజిటల్ వస్తువులను అమ్మేటప్పుడు ఇచ్చేది అనుమతి మాత్రమేనని స్పష్టంగా తెలపాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

సర్వర్లు నడపడానికి నెలనెలా ఖర్చవుతుందని, ఆడేవారు తగ్గాక ఆ భారం మోయలేమని సంస్థలు వాదిస్తున్నాయి. సర్వర్లు ఎల్లకాలం నడపమని తాము కోరడం లేదని, మూసివేసే ముందు ఇంటర్నెట్ లేకుండానో, సొంత సర్వర్లతోనో ఆడుకునే వీలు కల్పిస్తే చాలని ఉద్యమకారులు బదులిస్తున్నారు.

కొనేవారు గమనించాల్సినవి

బియ్యం గింజను చూసినట్లు గేమును కూడా కొంతవరకు చూసి కొనవచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు కోరవచ్చు. విడుదలకు ముందే డబ్బు చెల్లించకుండా, తమ వద్ద ఉన్న యంత్రంలో గేము ఎలా నడుస్తోందో సమీక్షల్లో చూసుకోవడం క్షేమం. ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా అన్నది కొనేముందే తెలుసుకోవాలి.

తయారీదారుల వైపునా బాధ్యత ఉంది. గేములో ఏమి ఉందో, ఏమి లేదో, ఎంతకాలం నడుపుతారో ముందుగా చెప్పిన సంస్థపై విమర్శ వచ్చినా నమ్మకం మిగులుతుంది. ఎనిమిది మంది మూడేళ్ల శ్రమకు 58 వేల మంది కొనుగోలుదారులు కావలసిన చోట, ఆ నమ్మకమే తరువాతి గేముకు పెట్టుబడి.