నూనె కూడబెట్టే బ్యాక్టీరియా

వేరుశనగ గింజ బరువులో నూనె దాదాపు సగం. రోడోకాకస్ ఒపేకస్ అనే మట్టి బ్యాక్టీరియా దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో, ఒక గ్యాస్ కర్మాగారం దగ్గరి మట్టిలో దొరికిన పీడీ630 అనే రకాన్ని తగిన ఆహారంతో పెంచితే, ఎండిన కణం బరువులో 76 శాతం దాకా కొవ్వే ఉంటుందని 1996లో తేలింది. ఈ కొవ్వు మన వంటనూనెల్లో ఉండే ట్రైగ్లిజరైడే. మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్ వస్తుంది.

చిక్కు ఏమిటంటే, కడుపు నిండా అన్నీ దొరికినప్పుడు ఇది నూనె పెద్దగా చేయదు. చక్కెర పుష్కలంగా ఉండి, నత్రజని కొరవడాలి. నత్రజని లేనిదే ప్రోటీన్లు తయారుకావు, కణం విభజన చెందదు. లోపలికొచ్చిన చక్కెర అప్పుడు కొవ్వుగా మారి బొట్లుబొట్లుగా పేరుకుంటుంది. అంటే ఎదుగుదల, నూనె రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. ఎదుగుదల నుంచి నూనె వైపు మళ్లించే మీట ఎక్కడుందో తెలియాలంటే జన్యువుల్లోకి వెళ్లాల్సిందే.

అమెరికాలోని ఎంఐటీలో ఆంథొనీ సిన్‌స్కీ బృందం, ఇతర శాస్త్రవేత్తలతో కలిసి, 2011లో దీని జన్యుక్రమాన్ని ప్రచురించింది. సుమారు 93 లక్షల అక్షరాలు! మన పేగుల్లోని ఈ.కోలైకి ఉన్నవాటికి రెట్టింపు. అంత రాశిలో నూనెకు సంబంధించినవి ఏరడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి నాకు చాలా నచ్చింది. దీని బంధువుల జన్యుక్రమాలను దీనితో పోల్చి, కొవ్వు పనిలో ఏ జన్యు కుటుంబాలు తరతరాలుగా విస్తరించాయో చూశారు. 261 జన్యువులు తేలాయి. ఆ బంధువర్గంలో క్షయ బ్యాక్టీరియా కూడా ఉంది. అదీ కొవ్వు దాచుకునేదే.

ఇన్ని జన్యువులు ఎందుకో అంతకుముందు జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. కొవ్వు తయారీలో చివరి మెట్టును నడిపే ఎంజైమ్ జన్యువుల్లో ఒకదాన్ని, ఏటీఎఫ్1ను, చెడగొట్టి చూశారు. నూనె సగం దాకా తగ్గింది కానీ ఆగిపోలేదు. ఒకటి పోతే మరొకటి ఆ పని అందుకుంటోంది. కాబట్టి ఒక్క జన్యువును పెంచో తగ్గించో నూనెను రెట్టింపు చేయవచ్చనుకోవడం అత్యాశ.

దాని ఆహారాన్ని మార్చడానికి మాత్రం జన్యుమార్పిడి పనికొస్తోంది. వరిగడ్డిలో బాగా ఉండే జైలోజ్ అనే చక్కెర ఈ బ్యాక్టీరియాకు సహజంగా పడదు. దాన్ని తినగలిగే రకాన్ని సిన్‌స్కీ ప్రయోగశాలే 2013 నాటికి తయారుచేసింది. ఇక తేలాల్సింది, గడ్డిలోంచి ఆ చక్కెరలను చవగ్గా రాబట్టడం. అది కుదరనంతకాలం ఈ నూనె డీజిల్ ధరతో పోటీపడలేదు.