పొయ్యి కట్టేసినా ఉడికే దాక

స్టవ్ కట్టేసి రెండు నిమిషాలు దాటినా చేపల పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. అంచుల వెంట నూనె తేలుతుంది. ఎర్రటి బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతుంటాయి. స్టీలు గిన్నెకు అలవాటుపడ్డ చేతికి ఇది వింతే. మట్టి దాకలో వంట మొదలుపెట్టినవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది కూడా ఇదే. కూర పూర్తిగా ఉడికేవరకు మంట ఉంచనక్కర్లేదు. కాస్త ముందే కట్టేస్తే మిగతా పని దాక చూసుకుంటుంది.

ఎండాకాలం వస్తే విజయవాడ రోడ్ల పక్కన మంచినీళ్ల కుండలు బారులు తీరడం మామూలే. ఇప్పుడు వాటి పక్కనే దాకలు, మూకుళ్లు, మూత ఉన్న చట్లు కూడా కనిపిస్తున్నాయి. ముచ్చటపడి కొన్నవాళ్లలో కొందరు రెండుసార్లు వండేసరికి దాక బీటలిస్తుంది. దాన్ని అటకెక్కించి మళ్లీ కుక్కర్ తీస్తారు. మట్టికి వేడి ఎలా ఎక్కుతుందో, ఎలా దిగుతుందో తెలిస్తే ఆ దాక ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

అల్యూమినియం మట్టికంటే వంద రెట్లకు పైగా తేలిగ్గా వేడిని పంపుతుంది. మంట పెట్టగానే గిన్నె అడుగు కాలుతుంది, మంట తీయగానే చల్లారడం మొదలవుతుంది. మట్టి నింపాదిగా వేడెక్కి, ఆ వేడిని మందపాటి గోడల్లో దాచుకుంటుంది. అందుకే దాకలో కూర అడుగంటడం తక్కువ. పెద్ద మంట పెడితే మాత్రం అడుగు ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, పైభాగం ఇంకా చల్లగానే ఉంటుంది. బీట పడేది అక్కడే.

ఈ గుణాన్ని వాడుకున్నది మనమొక్కరమే కాదు. ఉత్తర ఆఫ్రికాలోని మొరాకోలో తాజీన్ అనే మట్టిపాత్ర ఉంది. వెడల్పాటి పళ్లెం లాంటి అడుగు, పైన గోపురంలా నిలిచే మూత. లోపలి ఆవిరి ఎత్తైన మూత గోడలకు తగిలి, నీరై మళ్లీ కూరలోకే జారుతుంది. కాసిని నీళ్లతోనే మాంసం మెత్తగా ఉడికిపోతుంది. అక్కడ దాన్ని బొగ్గుల కుంపటి మీద పెడతారు. మన ఇళ్లలో వేపుడు మాడకుండా గిన్నె మీద పళ్లెం పెట్టి, అందులో నీళ్లు పోస్తారు కదా, అదీ ఇదే సూత్రం. మూత చల్లగా ఉంటే ఆవిరి నీరై కూర మీద పడుతుంది.

కృష్ణా డెల్టా వంటకు దాక మరీ అంతగా కుదరడానికి చింతపండు ఒక కారణం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పూత లేని అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో పులుసు పెట్టాలంటే కళాయి పూయించాల్సిందే. మట్టికి ఆ గొడవ లేదు. పులుసు రాత్రంతా దాకలోనే ఉన్నా చిలుము రుచి రాదు.

ఆ మట్టి, ఆ చేప, పక్కన వండే అన్నం, మూడూ ఒకే నది ఇచ్చినవి. విజయవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టారు. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి కాలువలు డెల్టా వరిచేలకు నీరందిస్తాయి. నది తెచ్చిపోసిన ఒండ్రు, చెరువుల అడుగున దొరికే జిగురుమట్టి కుమ్మరి చేతిలో పాత్రలయ్యాయి. విజయవాడలో కుమ్మరిపాలెం పేరులో ఆ వృత్తి ఇంకా వినిపిస్తుంది. పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి తెచ్చుకునే ఆనవాయితీ కూడా ఉంది.

సారె మీద లేపిన వంటకుండకు మొదట అడుగు ఉండదు. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి మట్టిని సాగదీసి గుండ్రటి అడుగు తెస్తారు. మూలలు లేని అడుగుకు మంట అన్నివైపులా సమంగా తగులుతుంది. కట్టెల పొయ్యికి అది బాగా కుదిరేది, దించాక కుదురు మీద కూర్చునేది. గ్యాస్ స్టవ్‌కు చదునైన అడుగున్న దాక తేలిక. కొనేటప్పుడు వేలితో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో పగులు ఉన్నట్టే. రంగు పూసినవి, మెరుపు పూత ఉన్నవి వంటకు వద్దు. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది.

కొత్త దాకను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. ముంచగానే బుసబుసమని సన్నటి బుడగలు లేస్తాయి. రంధ్రాల్లోని గాలి పోయి నీరు చేరుతున్నదన్నమాట. మర్నాడు నీడన ఆరబెట్టి, లోపలా బయటా నూనె రాసి, గంజి పోసి సన్న సెగ మీద కాచాలి. గంజిలోని పిండి ఆ రంధ్రాలను పూడుస్తుంది. రెండు మూడు రోజులు ఇలా చేస్తే దాక వంటకు సిద్ధం. స్టవ్ మీద పాత దోసె పెనం పెట్టి దానిపై దాక ఉంచితే సెగ సమంగా పాకుతుంది. ఇండక్షన్ స్టవ్ మాత్రం పనికిరాదు. అది అయస్కాంతానికి అంటుకునే పాత్రలనే వేడిచేస్తుంది.

ఇక పులుసు. కేజీ బొచ్చె ముక్కలకో, కొర్రమీను ముక్కలకో ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టాలి. దాకలో పప్పునూనె పోసి, చిన్న మంట మీద మెంతులు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు నిదానంగా వేయించాలి. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు తీసి, వేడి నీళ్లతో పలచన చేసి పోయాలి. కాలిన దాకలో చన్నీళ్లు పడితే పగిలిపోతుంది. పులుసు మరిగి పచ్చివాసన పోయాక ముక్కలు పరచాలి. ఇక్కడే ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు హెచ్చరిస్తారు: “గరిటె పెట్టకమ్మా, ముక్క చెదిరిపోద్ది.” మసిగుడ్డతో అంచులు రెండు చేతులా పట్టుకుని దాకను మెల్లగా తిప్పితే పులుసు ముక్కల మీదికి ఎక్కుతుంది. పది, పన్నెండు నిమిషాలకు ముక్క రంగు మారుతుంది. కొత్తిమీర చల్లి మంట కట్టేయాలి. దించితే తడి గ్రానైట్ గట్టు మీద కాకుండా కుదురు మీదో, మడతపెట్టిన గుడ్డ మీదో పెట్టాలి.

రాత్రికి తిన్నా బాగానే ఉంటుంది. పులుపు, కారం ముక్క లోపలిదాకా పట్టేది తెల్లారేసరికే. పొద్దున్నే చద్దన్నంలోకి దాక అడుగున చిక్కబడ్డ పులుసు గీరుకుని వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పాలకు మాత్రం వేరే కుండ ఉండాలి. మట్టి వాసన పీలుస్తుంది, చేపల దాకలో పాలు కాచలేం. పల్లెల్లో పాలకుండను దాలిలో, పిడకల సెగ మీద గంటల తరబడి ఉంచేవారు. పాలు లేత ఎరుపు తిరిగి, పైన మీగడ మందంగా కట్టేది. ఆ పాలు తోడుపెడితే కుండ గోడలు కొంత నీటిని పీల్చుకుని పెరుగు గడ్డలా తయారవుతుంది.

దాక కడగడానికి సబ్బు వాడితే తర్వాతి పులుసులో ఆ వాసన తేలుతుంది. శనగపిండి, కొబ్బరి పీచు, గోరువెచ్చటి నీళ్లు చాలు. తడి మీద అరలో పెడితే బూజు పడుతుంది కాబట్టి కడిగాక బాల్కనీలో ఎండకు బోర్లించాలి. మధ్యాహ్నానికి అది మళ్లీ ఒట్టి మట్టిరంగుకు వస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం నిన్నటి మెంతుల వాసన లీలగా తగులుతుంది.